చెక్క నేల మీద ఇడిసిన జాగలు

మొన్న కొండాపూర్ల మా ఆడిబిడ్డ కూతురు కొత్త ఫ్లాటు తీసుకున్నది. పాలు పొంగిచ్చే రోజు పొద్దుగాల్నే పోయిన. అందరు వంటింటి దిక్కు పోతే నేనొక్కదాన్నే హాల్ల నిలవడ్డ. నేలంత చెక్క. చెక్కంటే నిజం చెక్క కాదంట, చెక్క లెక్క కనవడే అట్టలు, కంపెనీ మనుషులొచ్చి ఒక్క పూటల పరిచి పోయిన్రట. నాకేమైందో ఏమో, పట్టుచీరె మీదున్నననే సోయి లేకుండ మోకాళ్ల మీద వంగి, చెంప నేలకు ఆనిచ్చి, కిటికీలకెల్లి వచ్చే వెలుతురుకు ఎదురుగ చూడవట్టిన. "అయ్యో అత్తా, పడ్డవా?" అనుకుంట పిల్ల ఉరికొచ్చింది. దాని మొగడు నీళ్ల గ్లాసు పట్టుకొచ్చిండు. బీపీ గోలీ ఏసుకున్నవా లేదా అని మా ఆడిబిడ్డ కేకలు. పడలేదే తల్లీ, నేల చూస్తున్న అంటే ఒక్కలన్న నమ్మితేనా! నేల చూడనీకె ఇంత పెద్ద మనిషి బోర్ల పండాల్నా అని ఒకటే నవ్వుడు. నేను గూడ నవ్విన. కని ఏం చూస్తున్ననో చెప్పాలంటే మా నాయన కాడికెల్లి చెప్పాలె, పాలు పొంగే లోపల అయ్యే ముచ్చట కాదది.

మా నాయన పాలిష్ మేస్త్రి. పేరు విఠలయ్య. మూసాపేటల రెండర్రల ఇల్లు మాది, ముందర రేకుల చపరా. ఆ చపరా కింద స్పిరిట్ డబ్బాలు, లక్క నానవోసిన సీసాలు, తార్పిన్ వాసన, గరుకు కాగితాల కట్టలు. పొద్దున లేవంగనే నాయన మొదలు చేసే పని, లక్క సీసాలు ఒక్కొక్కటి పట్టుకొని గలగల ఊపుడు. అడుగున పేరుకున్న లక్క కలవాలె కద. ఆ సప్పుడుకే మాకు తెల్లారేది. మా ఇంట్ల పప్పుల గూడ లక్క వాసనే, నేను కాలేజీకి పోతే పక్క సీటు పిల్ల ముక్కు మూసుకునేది. అమ్మ పాత చీరెలు మెత్తవడంగనే నాయన కోసి, లోపల దూది పెట్టి, గుండ్రంగ ముద్ద కట్టుకునేటోడు. ఆ ముద్దను లక్కల ముంచి చెక్క మీద రుద్దుడే రుద్దుడు. అయిందా కాలేదా అని చూడాల్నంటే కండ్లు మూసుకొని అరచెయ్యి మెల్లగ తిప్పేది. ఎవరింటికన్న పెండ్లికి పోయినా అంతే, భోజనం మాట తర్వాత, మొదలు ఆళ్ల బీరువ మీద, కుర్చీ మీద చెయ్యి ఏసి కండ్లు మూసుకునేటోడు. అమ్మకు తల కొట్టేసినట్టయ్యేది.

అమ్మ పేరు లక్ష్మమ్మ. ఆమె నోరు మా గల్లీ మొత్తానికి ఎరుక. తిట్టని రోజున్నదంటే ఆ రోజు ఆమెకు జరమన్న వచ్చి ఉండాలె. అన్నిటికంటె ఎక్కువ తిట్లు నాయనకే. ఎందుకంటే నాయన నడిస్తే ఏదో ఒకటి తన్నకుండ ఉండకపోయేది. చెంబు తన్నె, బియ్యం చాట తన్నె, ఒకసారి పండుగ పూట ముగ్గు గిన్నెల కాలు వెట్టె. దర్వాజకు భుజం గుద్దుకునుడు రోజు ఉన్నదే. "కండ్లు నెత్తికెక్కినయా నీకు? ఇంత పెద్ద బిందె కనవడతలేదా?" అని అమ్మ మొదలువెడితే, నాయన కింద వడ్డ నీళ్లు తుడుసుకుంట, "పని ధ్యానంల ఉన్ననే" అని నవ్వేటోడు. మేం గూడ నవ్వేటోళ్లం. మా ఇంట్ల అదొక రోజువారీ తమాష. నాయన పని మంచిగున్నదని అమ్మ నోట్లకెల్లి మాత్రం ఒక్కనాడు రాలె. మా ఇంటి పెట్టెకు పాలిష్ ఏస్తే ఊర్లె వాళ్లంత మెచ్చుకున్నరు, అమ్మ చూసి "పెట్టె కాళ్లకు ఏసినవా లేదా?" అన్నది. నిజంగనే ఏయలే.

అప్పుడు హైటెక్ సిటీ కాడ బిల్డింగులు లేస్తున్నయి. అప్పటి సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పినా సమజ్ కాదు. అంత బండలే, గుట్టలే. పొద్దున పోయేటప్పుడు ఎడమ దిక్కు గుట్ట కనవడితే, రెండు రోజులు పోయినంక ఆ గుట్టే లేకపోయేది. తూటాలు పెట్టి పగలగొట్టుడు, దుమ్ము, లారీలు. నిన్నటి బాట ఇయ్యాల బంద్. ఆ జాగల ఒక అద్దాల బిల్డింగు కడుతున్న ఇంజినీరు ప్రసాద్ గారని, భీమవరం దిక్కు మనిషి. నాయన పాలిష్ పెట్టిన బల్ల ఒకటి ఏడనో చూసి, ఎతుక్కుంట మా ఇంటికే వచ్చిండు. పై అంతస్తుల పెద్ద హాలుకు టేకు చెక్క నేల పరిచిన్రట, దానికి లక్క పనికి రాదు, కొత్త మందు ఏయాలె అన్నడు. పాలియురేథేన్. నాయనకు నోరు తిరగక దాన్ని పాలీ అనేటోడు. "ఈ హాలు మీరు బాగా చేసి చూపించండి విఠల్ గారూ. మిగతా అంతస్తులన్నీ మీకే ఇప్పిస్తాను, ఆ పూచీ నాది" అన్నడు ప్రసాద్ గారు. నాయన మొఖం చూడాల్సి ఉండె! అప్పటికే ఫ్యాక్టరీల మెరుపు తొడుక్కొని వచ్చే ప్లైవుడ్ల దెబ్బకు లక్క పాలిష్ అడిగేటోళ్లు తగ్గవట్టిన్రు. నాయనకు పాలిష్ తప్ప ఇంకో పని రాదు. ఈ పాలీ చేతికొస్తే బతికినన్ని రోజులు పనికి ఫికర్ లేదు, రాకుంటే లక్కతోని పాటే నాయన గూడ మూలకు పడతడు. మా అందరికి అది తెలుసు.

నేను డిగ్రీ అయినంక కంప్యూటరు కోర్సు చేసి, కొలువు కోసం ఎదురుచూసుకుంట ఇంట్ల ఉన్న. డబ్బా మీద అంత ఇంగ్లీషే ఉండె, సదివి చెప్పనీకె నన్ను రమ్మన్నడు నాయన. మోపెడ్ ఎనక కూసోని పోయిన. హాల్ల అడుగు పెట్టంగనే పచ్చి టేకు వాసన. ఇంత పెద్ద చెక్క నేల నేను సినిమాల్ల గూడ చూడలె. నాయన చెప్పులిడిసి, లోపలికి పోయి, నడుమ కూసోని అరచేతితోని నేలను నిమిరిండు. కండ్లు మూసుకున్నడని చెప్పాల్నా!

మొదటి పూత ఏసినంక పొద్దున పోయి చూస్తే నేలంత బుడగలు. సన్నగ, ఆవాలంత. గంజి మీద తేలినట్టు. నాయన నెత్తి గోక్కున్నడు, ఏం తోచలె. నేను డబ్బా ముందరేసుకొని ఒక్కొక్క మాట సదువుకుంట పోతే "ఊపొద్దు, కట్టెతోని మెల్లగ కలపాలె" అని ఉన్నది. నాయనేమో లక్క సీసను ఊపినట్టు డబ్బాను రెండు చేతులతోని పట్టుకొని శివమెత్తినట్టు ఊపిండు! గాలంత లోపల చిక్కింది, నేల మీద తేలింది. "ఇన్నేండ్ల అలవాటు బిడ్డా, డబ్బా చేతికొస్తే ఊపబుద్ధయితది" అన్నడు. మంచిగ ఆరనిచ్చి, సన్న గరుకు కాగితంతోని బుడగలు పోయేదాంక రుద్దినం. తెల్లటి పొడి లేసింది. తార్పిన్ల తడిపి పిండిన బట్టతోని తుడిసినం. రెండో పూతకు బుడగలు లేవు గని, నలుసులు. బయట బండలు పగలగొట్టే దుమ్ము. కిటికీలు మూసి, సందులల్ల తడి బట్టలు కుక్కి, పంకలు బంద్ వెట్టి, మల్ల రుద్ది, మల్ల తుడిసి, మూడో పూత. ఆ పొద్దు వాసనకు నా నెత్తి దిమ్మెక్కింది. బుడగలు లేవు, నలుసులు లేవు. ఇద్దరం సంబురంగ ఇంటికొచ్చినం.

పొద్దున ప్రసాద్ గారు మాకంటె ముందుగాల్నే వచ్చి హాలు గడప కాడ నిలవడ్డడు. "ఇదేంటండీ విఠల్ గారూ, ఇక్కడ మెరుపే లేదు?" అన్నడు. కిటికీ వెలుతురుకు ఎదురుగ వంగి చూస్తే తెలిసింది. మెరిసే నేల నడుమ నడుమ బెత్తెడంత, జానెడంత మొద్దు పట్టెలు. ఆడ మందే పడలేదు. నాయన చూసిండు, చెయ్యి ఏసిండు, నిలవడి మొఖం నా దిక్కు తిప్పిండు. "నిన్న నా కండ్లతోని చూసిన బిడ్డా, ఏడ ఇడువలే. అంత ఏసిన" అన్నడు. అబద్ధమాడే మనిషి కాదు. ఆ పట్టెలను రుద్ది, చుట్టు అంచులు గూడ రుద్ది, సన్నగ మందు ఏసి కలిపిండు. కలిపిన జాగ ఎవరికి కనవడదు, అంత మంచి చెయ్యి. కని దాన్ని కప్పనీకె నేలంత ఇంకో పూత ఏస్తే కొత్త జాగలల్ల కొత్త పట్టెలు లేసినయి. ఇగ మా పరేషాన్ చూడాలె! చూపిచ్చిన పట్టె ఆయనకు మంచిగ కనవడతది, నాకంటె ముందుగాల్నే దాని అంచు ఏడ మొదలైందో చెప్తడు. మరి ఏసేటప్పుడు ఎందుకు ఇడిసిపెడుతున్నడు?

ఒక్కొక్కలు ఒక్కొక్క కారణం చెప్పిన్రు. టేకుల నూనె ఉంటది, మందును పట్టనియ్యదు అని నాయన. డబ్బాల సరుకే కల్తీ అయి ఉంటదని నేను. కొత్త డబ్బా తెప్పిస్తానండీ అని ప్రసాద్ గారు, తెప్పిచ్చిండు గూడ. అదే కథ. ఇంటి కాడ అమ్మకు చెప్తే, "ఇంత పెద్ద పని దొరికిందని గల్లీ అంత చెప్పుకుంటివి, దిష్టి తగలకుంటె ఏం తగులుతది?" అని బూడిద గుమ్మడికాయ కొని పంపింది. దాన్ని మోపెడ్ మీద ఒళ్లె పెట్టుకొని పోయిన నేను. తొవ్వల నాయన ఒక బర్రెకు తగిలిచ్చిండు. అదేం అంత దగ్గరికెల్లి రాలె, నిమ్మళంగ పక్కకెల్లి నడుసుకుంట వచ్చింది, నాకు దూరంకెల్లే కనవడ్డది, నాయన ఆపుతడేమో అనుకున్న. గుమ్మడికాయ రోడ్డు మీద పగిలింది. దిష్టి ఆడ్నే తీసినట్టయిందిలే అని నాయన నవ్విండు. ఆ తర్వాత తొవ్వ తప్పినం. కొత్తగ తవ్విన మలుపు ఎడమకు ఉన్నది, నాయన సీదా పోయిండు. కని ఆ రోజులల్ల ఆడ తొవ్వ తప్పనోడు ఎవడున్నడు! మలుపులే రోజుకొక జాగల ఉంటుండె. అందరు పరేషాన్ అయ్యేటప్పుడు ఒక్కని పరేషాను ఏం తెలుస్తది?

తెలిసింది ఒక చాయ్ గ్లాసు తోని. నాయన మోకాళ్ల మీద కూసోని బ్రష్ తోని చెక్క ఎంబడి మందు గుంజుకుంట పోతున్నడు. నేను ఆయన ఎడమ పక్క వంగి, చాయ్ గ్లాసు పట్టుకొని నిలవడ్డ. మాట్లాడలే, ఉట్టిగ చెయ్యి చాపిన. తీసుకోలే. ఇంకింత దగ్గరికి పెట్టిన. తీసుకోలే. చాయ్ వాసనకు ముక్కు ఎగపీల్చి, "చాయ్ తెచ్చినట్టున్నవ్, ఏడ వెట్టినవ్?" అన్నడు, ముందరికి చూసుకుంటనే. గ్లాసు ఆయన చెంపకు జానెడు దూరంల ఉన్నది! నేను గ్లాసును మెల్లగ ముందరికి జరుపుకుంట వచ్చిన. దాదాపు ముక్కు ముందరికి వచ్చినంక "ఆ, ఈడ్నే ఉన్నదా" అని అందుకున్నడు. చాయ్ తాగినంక ఆయన బ్రష్ ఎంబడే చూసుకుంట కూసున్న. బ్రష్ ముందర ఉన్నంత మట్టుకు చక్కగ ఏస్తున్నడు, బ్రష్ పక్కన చెక్కను దాటి పోతున్నడు, దాటి పోయిన సంగతే ఎరుక లేదు.

సర్కారు దవాఖానకు తోలుకపోయిన. నాయన రానంటే రానన్నడు. "నాకేం రోగం? సూదిల దారం ఎక్కిస్త నేను" అని, నిజంగనే అమ్మ సూది తీసుకొని మా ముందరనే ఒక్క దెబ్బకు ఎక్కిచ్చిండు. దవాఖానల గోడ మీది అక్షరాలు గూడ కింది వరుస దాంక సదివిండు. నాకు జర నిమ్మళమయింది. అప్పుడు డాక్టరమ్మ ఆయన ముందర మోకాలుకు మోకాలు ఆనేటట్టు కూసున్నది. ఒక కన్ను మూయిచ్చి, "నా ముక్కు మీదికెల్లి చూపు తిప్పొద్దు. పక్కకెల్లి నా వేలు వస్తది, కనవడంగనే చెప్పు" అన్నది. వేలు పక్కకెల్లి బయలెల్లింది. ఎనక కూసున్న నాకు కనవడుతున్నది. నాయన చప్పుడు చేస్తలేడు. ఇంకా దగ్గరికొచ్చింది. ఇప్పుడు చెప్తడు, ఇప్పుడు చెప్తడు అని నేను పళ్లు బిగవట్టుకొని కూసున్న. వేలు డాక్టరమ్మ చెంప కాడికి వచ్చినంక "ఆ, కనవడ్డది" అన్నడు, పాస్ అయినోని లెక్క. ఆమె రెండో కన్ను గూడ చూసి, ఇంకేవో పరీక్షలు చేసి, నీటికాసులు అన్నది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండుతదంట. పక్క చూపు ముందుగాల పోతదంట, నొప్పి ఉండదు గనుక మనిషికి ఎరుక గాదంట. "పోయింది రాదు. మందు చుక్కలు ఏసుకొని ఉన్నదాన్ని కాపాడుకోవాలె" అన్నది.

బస్సుల వచ్చేటప్పుడు నేను అడిగిన. "నాయనా, కనవడని కాడ ఏముంటది? నల్లగ ఉంటదా?" నాయన జరసేపు తల అటు ఇటు తిప్పి చూసుకున్నడు. "ఏం నల్లగ లేదు బిడ్డా. అంత మంచిగనే ఉన్నది. ఏం తక్కువ లేదు" అన్నడు. ఆ మాట నన్ను ఇప్పటికి తికమక పెడతది. లేనిది లేనట్టు గూడ తెలవకపోవుడేంది? మరి ఎప్పటి సంది పోయిందో? బిందె తన్నినప్పటి సందా, నేను పుట్టిన సందా? లక్క పాలిష్ కు చూపుతోని పనే లేకుండె, చెయ్యే అంత చేసింది. పాలీ తడిగ ఉన్నప్పుడు చెయ్యి పెట్టరాదు, చూపుతోనే పట్టుకోవాలె. అది రాకపోతే నాయన కండ్ల సంగతి ఇంకెన్నేండ్లకు బయటవడేదో! ఆ మందును తిట్టుకోవాల్నో మొక్కాల్నో నాకు తెలుస్తలేదు.

ఇంట్ల అమ్మకు చెప్పిన. లేసి పోయి, నడిచే తొవ్వల ఉన్న బిందెలు, చెంబులు, చాటలు అన్ని తీసి గోడ దిక్కు సర్దింది. నాయన చూసి, "ఏందే, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?" అన్నడు. నేను నేల పని ఇడిసిపెడదాం, ప్రసాద్ గారికి ఉన్నదున్నట్టు చెప్దాం అన్న. నాయనకు కోపం రాంగ నేను చూసింది ఆ ఒక్కసారే. "పట్టిన పని సగంల ఇడిసి పోతే విఠలయ్యకు చెయ్యి పడిపోయిందంటరు. డాక్టరమ్మది పుస్తకాల లెక్క. జర పక్కన తక్కువ కనవడతదేమో, తల తిప్పి చూసుకుంట. ఈ ఒక్క పూత మంచిగొస్తే నా కండ్లకు ఏం కాలేదన్నట్టే" అన్నడు. అప్పుడు అమ్మ అన్నది, "నేనొస్త. నిలవడి చెప్త, ఏడ ఇడిసినవో."

ఆ తర్వాత జరిగినయన్ని ముందుగాల్నే చెప్తే నయం. మిగతా అంతస్తులు నాయనకు రాలె. ప్రసాద్ గారు తప్పు పట్టలే, ఆ హాలు ఆఖరికి మంచిగనే తయారయింది, మెచ్చుకున్నడు గూడ. నాయనే తనంత తాను చెప్పిండు, నేలలు నాతోని కావు సార్ అని. మల్ల లక్కకే వచ్చిండు. కుర్చీలు, దేవుని పీటలు, పాత బీరువలు, చేతికి అందే సామాన్లు. చూపు మెల్లమెల్లగ లోపలికి ముడుసుకుంట పోయింది. పొద్దున ఒకసారి, రాత్రికి ఒకసారి అమ్మ కండ్లల్ల చుక్కలు ఏసేది, ఏసినన్ని సార్లు "కదలకు, కోతి లెక్క" అని గదిమేది. ఇద్దరు పోయి చాలా రోజులయింది. ఇప్పుడు రాయదుర్గంల మెట్రో దిగితే ఆ బిల్డింగు ఏదో నాకే గుర్తువడదు. అన్ని అద్దాలే, అన్ని ఒక్క తీరే. అప్పుడు ఒక నేల మెరవాల్నంటే మనిషి మోకాళ్ల మీద నడవాలె, ఆరిందాంక ఊపిరి బిగవట్టాలె, తప్పు కనవడితే మల్ల రుద్దాలె. ఇప్పుడు ఒక్క పూటల పరిచి పోతరు, తప్పొస్తే అట్ట పీకి ఇంకోటి పెడతరు. బాగుపడ్డమా అంటే పడ్డమనే చెప్పాలె, ఎవరి మోకాళ్లు అరుగుతలేవు. మరి నాకెందుకు మనసున పట్టదో! ఈ కొత్త నేలల మీద ఎంత సేపు చెంప ఆనిచ్చినా ఒక్క తప్పు దొరకదు.

ఇగ ఆ ఆఖరి పూత రోజు. అమ్మ ఎన్నడు నాయన పని కాడికి వచ్చింది కాదు. కొంగు నడుముకు చెక్కి, కాళ్లు కడుక్కొని, హాలు గడప లోపల నిలవడి, "అబ్బో, ఇంతుంటదా?" అన్నది. కిటికీలకు ఎదురుగ, తలుపు పక్క గోడకు ఆనిచ్చి ఆమెను నిలవెట్టిన, వెలుతురు నేల మీదికెల్లి ఆమె దిక్కు వచ్చేటట్టు. తడి ఏది, పొడి ఏది ఎట్ల తెలుస్తదో చూపెట్టిన. ఒక్కసారి చెప్తే పట్టుకున్నది. నాయన దూరపు గోడ కాడ మోకాళ్ల మీద కూసోని బ్రష్ ముంచిండు. ఎనకకు జరుగుకుంట తలుపు దిక్కు రావాలె.

అమ్మ మొదలువెట్టింది. "ఏడ చూస్తున్నవయ్యా, ఎడమకు జానెడు ఇడిసినవ్! ఆడ కాదు, దాని పక్కన. ఆ, ఇగ కుడికి. కుడంటే ఏదో మరిచినవా? బువ్వ తినే చెయ్యి!" హాలంత ఆమె గొంతే. నాయన నవ్వుకుంట, "అగో, ఏస్తున్న, ఏస్తున్న" అని ఆమె చెప్పిన కాడల్ల బ్రష్ పెడుతున్నడు. తడి ఆరకముందే కలిసిపోతున్నది. నాకైతే సంబురం ఆగుతలేదు. నేను మందు కట్టెతోని మెల్లగ కలుపుకుంట, ఇద్దరిని చూసుకుంట, ఇట్లనే అన్ని అంతస్తులు చేసేస్తం అనుకున్న. అమ్మను రోజు తోలుకొస్తే అయిపాయె!

సగం దాంక వచ్చినంక అమ్మ మాటలు తగ్గినయి. ముందుగాల పొడుగు తిట్లు పొట్టి తిట్లయినయి. తర్వాత "ఎడమకు", "కుడికి" అని ఒక్కొక్క మాటే. తర్వాత అది గూడ లేదు. నేను నేల దిక్కు చూసిన. ఇడిసిన పట్టెలు కనవడుతున్నయి, ఒకటి కాదు రెండు కాదు. అమ్మ ఎందుకు చెప్తలేదో సమజ్ కాక ఆమె దిక్కు చూసిన. ఆమె కొంగు నోట్లె కుక్కుకొని నిలవడ్డది. ఆ మనిషి చెయ్యి మా ఇంట్ల ఎన్నేండ్ల సంది పనిచేసిందో, ఎంత చక్కగ చేసిందో ఆమెకు ఎరుకే. ఆ చెయ్యి మెరిసే చెక్క పక్కన పొడి చెక్కను దాటి దాటి పోతుంటే, దాటినట్టు ఆయనకు ఇంత అనుమానం గూడ లేకపోతే, ఆమె ఎట్ల చూడాలె? ఇంట్ల చెంబు తన్నితే అది ఒక్క చెంబే. ఈడ నేలంత పరిచి ఉన్నది, ఎంత పోయిందో అంత కనవడేటట్టు.

నాయన ఇంకో మూడు చెక్కలు ఏసి ఆగిండు. "ఏందే, చప్పుడు చేస్తలేవు?" అన్నడు.

అమ్మ కొంగు తీసింది. "మంచిగొస్తున్నది" అన్నది. "మంచిగున్నది, నువ్వు ఏసుకుంట రా."

నాయన బ్రష్ ను డబ్బా మీద అడ్డంగ పెట్టిండు. ఎనకకు తిరగలే. మోకాళ్ల మీద అట్లనే కూసున్నడు, భుజాలు మాత్రం కిందికి దిగినయి. దవాఖానల డాక్టరమ్మ అంత చెప్పినప్పుడు గూడ ఆయన భుజాలు అట్ల దిగలే. "లగ్గమైన కాడికెల్లి నా పనికి మంచిగున్నదని నువ్వు ఒక్కనాడన్న అన్నవా?" అన్నడు. "అంతగనం పోయిందా లక్ష్మీ?" అన్నడు. అమ్మను పేరు పెట్టి పిలువంగ నేను ఎన్నడు ఇనలె.

అమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. నాయన మాత్రం ఏడువలే. బ్రష్ మల్ల చేతికి తీసుకొని, తలను పూర్తిగ ఎడమకు తిప్పి, కనవడని దిక్కు చూసుకుంట అన్నడు:

"ఆరిన కాడ రేపు రుద్దుకుంట. తడి ఉన్న కాడన్న చెప్పు. నువ్వు తిట్టకపోతే నాకెట్ల తెలుస్తదే?"

అమ్మ కండ్లు తుడుసుకున్నది. గోడ ఇడిసి రెండడుగులు ముందరికొచ్చి నిలవడ్డది. "ఎడమకు రా" అన్నది. "ఇంకా రా. ఇంకా. నీ మోకాలు పక్కనే ఉన్నదయ్యా, ఇంత పెద్ద జాగ."

నాయన ఆడికి జరిగి బ్రష్ పెట్టిండు.